తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

(బరంపురంలో ఒక తెలుగు పేట సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగు నుంచి రాసుకున్న పాఠం)

సభకు నమస్కారం. ముందు వరుసలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వెనక గోడకు ఆనుకుని ఈయన ఎప్పుడు ముగిస్తాడా అని చూస్తున్న కుర్రవాళ్లకు కూడా.

మన సంఘానికి ఒక దాత రాసిచ్చిన స్థలం ఏళ్ల తరబడి ముళ్లకంపలు మొలిచి పడి ఉంది. ఇన్నాళ్లకు అక్కడ ఏదైనా కట్టాలని అందరికీ బుద్ధి పుట్టింది. ఎక్కువమంది వెంకటేశ్వరస్వామి గుడి అంటున్నారు. కొందరు సాయి మందిరం అంటున్నారు. రెండూ వద్దనేవాళ్లు నలుగురైదుగురున్నారని, వాళ్ల తరఫున మాట్లాడడానికి నన్ను పిలిచారని కార్యదర్శిగారు మైకులోనే చెప్పేశారు. పైగా నన్ను నాస్తికుడని పరిచయం చేశారు. మా ఇంట్లో రోజూ పూజగది తుడిచేది నేనే కాబట్టి ఆ బిరుదుకు నేను పూర్తిగా తగను. (నవ్వులు)

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. గుడి కట్టడం తప్పని నేను అనడం లేదు. మన పేటలో దణ్ణం పెట్టుకోవడానికి చోటు లేక ఇబ్బంది పడుతున్నవాడు ఎవడూ లేడని మాత్రం అంటున్నాను. బస్టాండు నుంచి ఇక్కడికి నడిచి వస్తే ఎన్ని గుళ్లు తగులుతాయో మీకే తెలుసు. చర్చి ఉంది, మసీదు ఉంది. లేనిది ఏమిటి? మొన్న మన వీధిలో ఒకాయన పోతే పెద్దకర్మ భోజనాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆ కుటుంబం రెండు రోజులు తిరిగింది. కల్యాణ మండపానికి వెళితే, పెళ్లిళ్లు జరిగే చోట చావు భోజనాలు పెట్టనివ్వం అన్నారు. గుడి ఆవరణలో మైల అన్నారు. చివరికి రోడ్డుకు అడ్డంగా షామియానా వేసి, ఆటోలు అటూ ఇటూ హారన్లు కొడుతుంటే విస్తళ్లు వేశారు. మీలో చాలామంది ఆ బంతిలో కూర్చున్నవాళ్లే.

మనిషి పుట్టుక నుంచి చావు దాకా నలుగురితో కలవాల్సిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. అందులో కొన్నింటికే గుడి తలుపు తెరుచుకుంటుంది. మిగిలినవాటికి ఏ దేవుడి పేరూ లేని ఒక చోటు కావాలి. నా వాదన అంతే. కానీ అలాంటి చోట్లు కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, కట్టి చెడగొట్టుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఎందుకు చెడ్డాయో తెలియకుండా మనం ఇటుక వేస్తే నష్టపోతాం.

గుడికి ఉన్న బలం దేవుడొక్కడే అనుకుంటే పొరపాటు. పొద్దున ఆరింటికి పూజారి వచ్చి తలుపు తీస్తాడు. వర్షం వచ్చినా తీస్తాడు, ఎన్నికల రోజైనా తీస్తాడు. శనివారం జనం వస్తారని ఎవరూ ఎవరికీ ఫోను చేసి చెప్పక్కర్లేదు. రెండు వారాలు మీరు కనబడకపోతే చెప్పులు కాపలా కాసే ఆమె అడుగుతుంది, ఒంట్లో బాగా లేదా అని. హుండీ ఉంది కాబట్టి కరెంటు బిల్లు కట్టడానికి ఎవరి ఇంటికీ వెళ్లి చేయి చాపక్కర్లేదు. వేళ, కాపలా, పైకం. ఈ మూడూ దేవుడితో సంబంధం లేకుండా నడిచే విషయాలే. హేతువాదులు కట్టిన హాళ్లలో దేవుడిని తీసేయడంతో పాటు ఈ మూడింటినీ తీసేస్తారు. ఆ తరువాత జనం రావడం లేదని జనాన్ని తిడతారు.

మనం ఉన్నది గంజాం జిల్లా కాబట్టి ఇక్కడి సంగతే ముందు చూద్దాం. ఒడియా పల్లెల్లో భాగవత టుంగి అని ఉండేది. మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. ఒకే ఒక గది, ముందు ఎత్తైన మట్టి అరుగు, గడ్డి కప్పు. లోపల చెక్కపీట మీద తాటాకుల గ్రంథం. దాన్ని భాగవత గాది అంటారు. పదహారో శతాబ్దం మొదట్లో, మన కృష్ణదేవరాయలు ప్రతాపరుద్ర గజపతితో యుద్ధాలు చేస్తున్న రోజుల్లో, పూరీలో జగన్నాథదాసు భాగవతాన్ని ఒడియాలోకి తెచ్చాడు. పాదానికి తొమ్మిది అక్షరాలు, పసిపిల్లలకు కూడా నోరు తిరిగే నడక. సంస్కృత పండితులు దాన్ని తేలిక చేసి తెలి భాగవతం అన్నారు, అంటే గానుగ ఆడించేవాళ్ల భాగవతం అని. వాళ్లు వెక్కిరించారు, జనం మాత్రం అది వినడానికి ఊరూరా ఇల్లు కట్టుకున్నారు. మనకు పోతన అంతకంటే ముందే ఉన్నాడు, అంతకంటే గొప్పగా రాశాడని మనం అనుకుంటాం కూడా. పోతన పద్యం వినడానికని ఊరూరా గది కట్టుకున్నామా? లేదు. ఆ విషయంలో మన పక్కింటివాళ్లు మనకంటే ముందున్నారు.

సాయంత్రం దీపం పెట్టి ఎవరో ఒకరు చదువుతారు. దీపానికి నూనె ఇళ్లవాళ్లు ఇస్తారు. చదవడం అయ్యాక అక్కడే పొలం గట్టు తగాదా తేలుస్తారు. బాటసారి వస్తే అక్కడే పడుకుంటాడు. పిల్లలు అక్కడే అక్షరాలు దిద్దుతారు. చదివేది దేవుడి కథే, నిజమే. కానీ నేను చూసేది ఆ ఇంటి వాడకాన్ని. భాగవతం ఒక గంట సేపు ఉంటే, మిగతా సాయంత్రం ఊరిది.

దీన్ని పొగిడి వదిలేస్తే అబద్ధం చెప్పినవాడినవుతాను. చాలా ఊళ్లలో ఆ అరుగు మీదికి అందరినీ ఎక్కనిచ్చేవారు కాదు. అంటరానివాళ్లుగా చూడబడినవాళ్లు కింద, దూరంగా, నేల మీద కూర్చుని వినాల్సిందే. ఊరందరిదీ అనే మాట ఎక్కడ విన్నా నేను ముందు అడిగేది ఒకటే, అరుగు ఎంత ఎత్తు అని.

ఇక అరుగు లేని ఇల్లు ఒకటి చెబుతాను. ఇది మన తీరంలోనే ఉంది, ప్రభుత్వం కట్టింది, ఎవరూ దీన్ని సామాజిక కేంద్రం అని పిలవరు. తుపాను షెల్టరు.

1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుపానులో ఒడిశాలో దాదాపు పది వేల మంది పోయారు. ఆ తరువాత తీరం పొడవునా ఈ భవనాలు లేచాయి. కాంక్రీటు స్తంభాల మీద నిలబడి ఉంటాయి, ఉప్పెన నీళ్లు కింద నుంచి వెళ్లిపోవడానికి. పైకి మెట్లతో పాటు ఏటవాలు దారి ఉంటుంది, నడవలేనివాళ్ల కోసం. పైన పెద్ద హాలు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు, ఒక సామాను గది. చాలాచోట్ల మామూలు రోజుల్లో అందులోనే బడి నడుస్తుంది. గంజాం తీరంలో నేను పాఠాలు చెప్పిన బళ్లలో ఒకటి అలాంటిదే. ఆ ఊళ్లో సముద్రం మీద బతికేవాళ్లంతా మన తెలుగువాళ్లే, ఒడియావాళ్లు నోలియాలని పిలుస్తారు. రోడ్డుకు అవతల ఒడియా రైతులు. రెండు ఊళ్లకూ మధ్య మాటలు తక్కువ, గొడవలు ఎక్కువ.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. రాష్ట్రం మొత్తం మీద పది లక్షల మందికి దగ్గరగా జనాన్ని ముందే కదిలించారు. ఆ హాల్లోకి రెండు ఊళ్లూ వచ్చి పడ్డాయి. కుదురుగా కూర్చుంటే రెండు వందల మంది పట్టే చోట ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టే ఓపిక ఎవరికీ లేదు. గాలికి కిటికీ రెక్కలు ఊడిపోకుండా మోకులతో కట్టింది పడవ నడిపేవాళ్లు. ముడులు వేయడం వాళ్లకే తెలుసు. తినడానికి ఇచ్చింది చుడా గుడో, అదే మన అటుకులూ బెల్లమూ. ఒకే బస్తాలో నుంచి చేటతో తీసి పంచారు. ఒంటిపూట మడి కట్టుకునే ఒక ముసలమ్మ, ఆ చేట పట్టుకున్న చేయి ఎవరిదో బాగా తెలిసీ, కొంగు పట్టి తీసుకుంది. పాస్టరుగారు పిల్లలకు కథలు చెప్పారు, అందులో ఏసుప్రభువు ఎక్కడా రాలేదు, నక్కా మొసలీ వచ్చాయి. తెల్లవారేసరికి రేకులు ఎగిరిపోయినవాళ్లు ఉన్నారు, పడవలు పోయినవాళ్లు ఉన్నారు. ఆ రెండు ఊళ్లలో ప్రాణం పోయినవాళ్లు లేరు. అంత పెద్ద తుపానులో రాష్ట్రం మొత్తం మీద చావులు పదుల్లోనే ఆగాయి, వేలల్లోకి పోలేదు.

తరువాత ఏమైందో వినండి. పదిహేను రోజులకు హాలు కడిగారు, బడి మొదలైంది. బడి వదలగానే తాళం. ఆదివారం తాళం. వేసవి సెలవుల్లో రెండు నెలలు తాళం. కింద స్తంభాల మధ్య వలలు ఆరేసుకున్నారు, చేపలు ఎండబెట్టారు, పేకాట ఆడుకున్నారు. పైన గాలి ఆడే పెద్ద హాలు ఖాళీ. ఒక పెళ్లిచూపులకు ఒక గంట అడిగితే, తాళంచెవి ఫలానా ఆయన దగ్గర ఉంది, ఆయన ఊళ్లో లేడు అన్నారు. గర్భిణులకు పరీక్షలు చేయడానికి చోటు అడిగితే, కాగితం పెట్టుకోండి అన్నారు. మళ్లీ తుపాను వస్తే తప్ప ఆ రెండు ఊళ్లూ ఒక కప్పు కింద కూర్చునే అవకాశం లేదు. ఇటుకా సిమెంటూ ఉన్నాయి, జనం ఉన్నారు, అవసరం ఉంది. లేనిదల్లా సాయంత్రం ఆరింటికి వచ్చి తలుపు తీసే మనిషి.

ఎండల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1998 వేసవిలో వడగాడ్పులకు ఒడిశాలో 2,042 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. దానికి మూడేళ్ల ముందు, 1995 జూలైలో, అమెరికాలో షికాగో నగరంలో ఒక వారంలో ఏడు వందల మందికి పైగా ఎండకు పోయారు. ధనిక దేశం, కరెంటు ఉన్న దేశం. ఎవరు పోయారని తరువాత పరిశీలిస్తే, ఎక్కువమంది ఒంటరిగా గదిలో తలుపు వేసుకుని ఉన్న ముసలివాళ్లు. ఒకేలాంటి పేదరికం ఉన్న రెండు పేటల్లో, అంగళ్లు, జనం తిరిగే వీధులు, నలుగురూ కలిసే చోట్లు ఉన్న పేటలో చావులు తక్కువ. పాడుబడిపోయి జనం బయటికి రావడం మానేసిన పేటలో ఎక్కువ. ముసలాయన రెండు రోజులు కనబడకపోతే తలుపు తట్టే మనిషి ఉండడమే అక్కడ ప్రాణం నిలిపింది. మన పేటలో ఒంటరి ముసలివాళ్లు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి. పిల్లలు సూరత్‌లో మగ్గాల దగ్గర ఉంటారు, లేదా విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. గంజాం జిల్లాకు ఇది కొత్త కథ కాదు.

విదేశాల ముచ్చట వచ్చింది కాబట్టి, దేవుడు లేని చర్చి ఒకటి పెట్టారని పేపర్లలో చదివే ఉంటారు. 2013 జనవరిలో లండన్‌లో, పూజలు ఆగిపోయిన ఒక పాత చర్చి భవనంలో, ఇద్దరు హాస్యనటులు మొదలుపెట్టారు. ఆదివారం జనం చేరతారు, అందరికీ తెలిసిన సినిమా పాటల్లాంటివి కలిసి పాడతారు, ఒకరు ఉపన్యాసం ఇస్తారు, టీ తాగి వెళతారు. చాలా దేశాలకు పాకింది, కొన్నేళ్లకే చాలా శాఖలు మూతపడ్డాయి. నాకు ఆశ్చర్యం లేదు. అది కలిసి పాడుకునే చోటే అయింది, అవసరానికి పరుగెత్తే చోటు కాలేదు. ఆదివారం పాట లేకపోయినా మనిషి బతుకుతాడు. బియ్యం నిండుకున్న రోజున, ఇంట్లో శవం ఉన్న రోజున ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతేనే కష్టం.

నాకు నచ్చిన ఉదాహరణ అదే దేశంలోని వేల్స్ గనులది. అక్కడి బొగ్గు కార్మికులు తమ కూలిలో పౌండుకు ఇన్ని పెన్నీలని కోయించుకుని సొంత హాళ్లు కట్టుకున్నారు. వాటిలో గ్రంథాలయం, సభలకు పెద్ద గది, బిలియర్డ్స్ బల్ల, తరువాతి రోజుల్లో సినిమా కూడా. ప్రార్థనకు ఊళ్లో చాపెళ్లు వేరే ఉన్నాయి. ఈ హాలుకు మాత్రం ఏ చాపెల్‌వాడైనా రావచ్చు, ఏ చాపెల్‌కూ పోనివాడూ రావచ్చు. ట్రెడిగర్ అనే ఊళ్లో ఇదే పద్ధతిలో వైద్య సహాయ సంఘం కూడా నడిపారు. వారం వారం కూలి నుంచి కొంత కట్టినవాడి ఇంటిల్లిపాదికీ డాక్టరు, మందులు. పదమూడేళ్లకే గనిలోకి దిగిన అనూరిన్ బెవన్ అనే కుర్రవాడు ఆ ఊరి కార్మికుల గ్రంథాలయంలోనే చదువుకున్నాడు. పెద్దయ్యాక మంత్రి అయి, 1948 జూలై 5న దేశం మొత్తానికి ఉచిత వైద్యసేవ మొదలుపెట్టాడు. మా ట్రెడిగర్ పద్ధతినే దేశానికి విస్తరిస్తున్నానని చెప్పుకునేవాడు. గనులు మూతపడగానే కూలి పోయింది, కూలితో పాటు చందా పోయింది, చాలా హాళ్లు పాడుబడ్డాయి. అందుకే పైకం ఎక్కడి నుంచి వస్తుందన్నది నాకు సిద్ధాంతం కంటే పెద్ద ప్రశ్న.

మనవాళ్లూ తక్కువ తినలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతా దాని చుట్టూ తిరిగారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది. అప్పుడు గంజాం కూడా మద్రాసు రాజధానిలోనే ఉంది, 1936 ఏప్రిల్ 1న కదా మనం ఒడిశాలోకి వచ్చింది. ఆ గ్రంథాలయాల్లో పుస్తకం చదవడం ఒక భాగమే. చదువు రానివాళ్లకు పేపరు చదివి వినిపించడం, రాత్రి బడులు, సభలు, అన్నీ అక్కడే. కేరళవాళ్లు ఆ దారినే ఇంకా గట్టిగా పట్టుకున్నారు. 1945లో 47 గ్రంథాలయాలతో పి.ఎన్. పణిక్కర్ మొదలుపెట్టిన సంఘం ఇవాళ ఊరూరా ఉంది. సాయంత్రం వాయనశాల, అంటే ఊరి గ్రంథాలయం, తలుపు తెరిచి ఉంటుందన్నది అక్కడ ఎవరూ చర్చించే విషయం కాదు.

గోరాగారి పేరు ఎత్తకుండా ఈ ప్రసంగం ముగిస్తే పాపం తగులుతుంది. (నవ్వులు) 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో బెజవాడ పటమటకు మార్చారు. ఆయన వాదాలు మీకు నచ్చకపోవచ్చు. ఆయన చేసిన ఒక పని చూడండి. ప్రతి పౌర్ణమికీ సహపంక్తి భోజనాలు. అన్ని కులాలవాళ్లూ ఒకే బంతిలో. దేవుడే లేడన్న మనిషి కూడా జనాన్ని పిలవడానికి పౌర్ణమిని పట్టుకున్నాడు! పౌర్ణమి ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు, దీపాలు పెట్టక్కర్లేదు. జనం మనసులో ఉన్న వేళను ఆయన వాడుకున్నాడు. మన హేతువాద మిత్రులు ఆయన పుస్తకాలు చదివినంత శ్రద్ధగా ఆయన క్యాలెండరు చదవలేదు.

కుల సంఘాల కల్యాణ మండపాల గురించి ఒక్క వాక్యంతో సరిపెడతాను, ఎందుకంటే ఇక్కడున్న చాలామంది వాటిలో పదవుల్లో ఉన్నారు. గేటు మీద కులం పేరు రాసి లోపల అందరికీ అద్దెకిస్తాం అంటే, అది అద్దె ఇల్లు అవుతుంది గాని అందరి ఇల్లు కాదు.

మహారాష్ట్ర వైపు సరిహద్దులో, గడ్చిరోలి జిల్లాలో, సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అదే జిల్లాలో ఉత్తరాన మేంఢా లేఖా అనే గోండుల ఊరు ఉంది. గోండులకు గోటుల్ అని యువతీ యువకులు చేరే ఇల్లు ఉండేది, కొన్ని ఊళ్లలో అది మరుగున పడింది. ఈ ఊరివాళ్లు దాన్ని మళ్లీ కట్టుకుంటే, అడవి కలప వాడారని అటవీశాఖవాళ్లు వచ్చి కూల్చేశారు. ఊరు మళ్లీ కట్టింది. అక్కడే గ్రామసభ కూర్చుంటుంది, ఓట్లతో కాకుండా అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుని తేలుస్తారు. ముందుగా అభ్యాస మండలి అని కూర్చుని సంగతులు చదువుకుంటారు. 2009లో దేశంలోనే మొదటి ఊళ్లలో ఒకటిగా, 1,800 హెక్టార్లకు పైగా అడవి మీద సామూహిక హక్కు సంపాదించారు. నలుగురు కూర్చునే చోటు ఎంత దూరం తీసుకెళుతుందో చూడండి.

ఇక మన స్థలం. నేను అడిగేవి ఇవి.

ఒక పెద్ద గది, నేల మట్టం నుంచి రెండు అడుగులు మించి ఎత్తు వద్దు, ఎక్కడానికి ఏటవాలు దారి. వెనక గాడిపొయ్యి తవ్వి, పైన రేకు వేసిన వంట చోటు. గుండిగలు, గరిటెలు, విస్తళ్లు వేయడానికి పట్టాలు సంఘానివే. పెళ్లికీ ఇస్తాం, పెద్దకర్మకూ ఇస్తాం, ఒకే అద్దె. ఈ ఒక్క నియమం రాసుకుంటే చాలు, మిగతా పేటలవాళ్లు కూడా మన దగ్గరికే వస్తారు. మరుగుదొడ్డి ముందు కట్టాలి, హాలు తరువాత. ఎందుకో అక్కచెల్లెళ్లకు చెప్పక్కర్లేదు, అన్నదమ్ములకు మాత్రం చెప్పాలి.

ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగు దాకా తలుపులు తెరిచి ఉండాలి. కుండలో నీళ్లు, ఫ్యాన్లు, నడుం వాల్చడానికి చాపలు. రిక్షా తొక్కేవాడు వచ్చి పడుకుంటే ఎవరయ్యా నువ్వు అని అడగకూడదు. సాయంత్రం మన పిల్లలకు తెలుగు అక్షరాలు. బడిలో ఒడియా నేర్చుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడి, రెండోది చదవలేని పిల్లలు మన పేట నిండా ఉన్నారు. ఒడియా ఇరుగుపొరుగు పిల్లలు వస్తే వాళ్లకూ అదే పలక.

గోడల మీద ఫోటోలు వద్దు. దేవుళ్లవే కాదు, నాయకులవి కూడా. ఈ ఊళ్లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారంటే నాకూ గౌరవమే. కానీ ఫోటోకు దండ వేసిన మర్నాడు అగరొత్తి వస్తుంది, ఆ మరుసటి నెల కొబ్బరికాయ వస్తుంది, ఆపైన కాయ ఎవరు కొట్టాలన్న తగువు వస్తుంది. అభ్యుదయ సంఘాల హాళ్లలో కూడా ఇది నేను చూశాను.

పైకం విషయం. ఒక్క దాత పేరు మీద హాలు వద్దు. ఇంటికి నెలకు ఇంతని చందా, చీటీ కట్టినంత ఖచ్చితంగా. పద్దు ప్రతి నెలా గోడ మీద సుద్దతో రాయాలి, కట్టనివాళ్ల పేర్లు రాయకూడదు, వచ్చినదీ అయినదీ రాయాలి. ఆ చందాలో మొదటి ఖర్చు తలుపు తీసే మనిషి జీతం. ఉచితంగా సేవ చేస్తామని ముందుకు వచ్చేవాళ్లను నమ్మకండి, వాళ్లు మంచివాళ్లే, మూడో నెలలో వాళ్ల మేనకోడలి పెళ్లి వస్తుంది. తాళంచెవులు రెండు చేయించాలి. ఒకటి జీతగాడి దగ్గర, రెండోది ఆ వీధిలో ఉండే ఒక ఆడమనిషి దగ్గర. అధ్యక్షుడి దగ్గర మాత్రం వద్దు, కార్యదర్శి దగ్గర అసలే వద్దు. (నవ్వులు, చప్పట్లు)

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: మాస్టారూ, రాత్రి ఏడు దాటాక మా ఇంట్లో గుడికంటే పంపిస్తారు, హాలుకంటే పంపరు. దానికేం చేస్తారు?)

బాగా అడిగావమ్మా. ఇది నేను తేలిగ్గా జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదు. గుడికి వెళుతున్నాననే మాట ఆడవాళ్లకు ఒక అనుమతి చీటీ. దాన్ని కాగితం మీద తీర్మానంతో పుట్టించలేం. అయితే మన రాష్ట్రంలోనే 2001లో మిషన్ శక్తి మొదలైనప్పుడు, స్వయం సహాయక బృందం మీటింగుకు వెళుతున్నానంటే కూడా మొదట్లో ఎవరూ పంపలేదు. పాసుపుస్తకంలో డబ్బు కనబడ్డాక అత్తగారే తొందరపెట్టి పంపింది. మీ బృందాల మీటింగులు, పాసుపుస్తకాల పెట్టె ఈ హాల్లోనే ఉంచితే మొదటి ఏడాది గడుస్తుంది. సమయం మీరు పెట్టండి, ఏడు కాకపోతే నాలుగున్నర.

(ముందు వరుస నుంచి ఒక పెద్దాయన: అన్నీ బాగున్నాయి. కార్తీక మాసంలో భజన పెట్టుకుంటామంటే రానిస్తారా, రానివ్వరా? వినాయక చవితికి విగ్రహం పెట్టుకుంటామంటే?)

రానిస్తాం బాబాయిగారూ. భజనకు గంటకు ఇంతని రాసుకుంటాం, క్రిస్మస్ పాటలకూ అంతే, ఇఫ్తార్ విందుకూ అంతే. విగ్రహం తెచ్చుకోండి, తిరిగి తీసుకెళ్లే తేదీ పుస్తకంలో రాసి సంతకం పెట్టి తెచ్చుకోండి. ఇందులో అపచారం ఏమీ లేదు, మన ఊరి ఠకురాణి యాత్రే చూడండి. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠకురాణి గుడి వదిలి, మన నేతపనివాళ్ల పెద్ద దేశిబెహరా వీధికి పుట్టింటికని వస్తుంది. తాత్కాలికంగా వేసిన గుడిలో ఉంటుంది, రాత్రిళ్లు ఊరేగుతుంది, ఊరంతా వేషాలు కడతారు. గడువు కాగానే వెనక్కి వెళ్లిపోతుంది. ఊరి దేవతే గడువు పాటిస్తున్నప్పుడు మనం తెచ్చే వినాయకుడు పాటించడా? పదకొండో రోజున ఆయన్ను సాగనంపడం మీ బాధ్యత, హాలు కడిగించడం మా బాధ్యత. నీళ్ల ఖర్చు మాత్రం మీ పద్దులోనే వేస్తాం.

అధ్యక్షులు గంట చూపిస్తున్నారు. మైకు ఆయనకు ఇచ్చేస్తున్నాను.